ప్లగ్గులు మార్చినా ఇంజిన్ మిస్ అవుతూనే ఉందా? కారణాన్ని ఇలా పట్టుకోండి

"ప్లగ్గులు మార్చాను, కాయిల్ మార్చాను, ఇంజెక్టర్లు కూడా క్లీన్ చేయించాను. అయినా బండి మిస్ అవుతూనే ఉంది. ఇంకేం మార్చాలి?" మిస్‌ఫైర్ గురించి అడిగేవాళ్లు చాలామంది అడిగేది ఇదే, మాటలు కూడా దాదాపు ఇవే. ప్రస్తుతానికి ఇంకేమీ మార్చకండి. ఇప్పటిదాకా కొన్నవాటిలో అవసరం లేకుండా కొన్నవే ఎక్కువ ఉండొచ్చు. కొనడం ఆపి, కింద చెప్పిన వరుసలో పరీక్షలు చేయండి. వరుస ముఖ్యం. తేలికైనవి, ఖర్చు లేనివి ముందు, కష్టమైనవి తర్వాత పెట్టాను.

ఇదంతా కంప్యూటర్‌తో నడిచే పెట్రోల్ ఇంజిన్ల గురించి. గ్యాస్ కిట్ ఉన్న బండికీ చాలావరకు వర్తిస్తుంది. డీజిల్‌కు స్పార్కే ఉండదు, కంప్రెషన్ లెక్కలు కూడా వేరు. డీజిల్ బండి ఉన్నవాళ్లు దీన్ని అనుసరించొద్దు.

థియరీ రెండు ముక్కల్లో చెప్పి వదిలేస్తాను. సిలిండర్‌లో మంట పుట్టాలంటే మూడు కావాలి: టైమ్‌కి స్పార్క్, సరైన పాళ్లలో గాలీ పెట్రోలూ, సరిపడా కంప్రెషన్ (పిస్టన్ ఆ మిశ్రమాన్ని నొక్కే ఒత్తిడి). ఏ ఒక్కటి తగ్గినా ఆ సిలిండర్ మిస్ అవుతుంది. మిస్ అయిన క్షణంలో క్రాంక్‌షాఫ్ట్ వేగం కొద్దిగా పడిపోతుంది, కంప్యూటర్ దాన్ని చూసి కోడ్ (లోపానికి ఒక నంబరు) వేస్తుంది. అంటే కోడ్ చెప్పేది బలం ఎక్కడ రాలేదో మాత్రమే, ఎందుకు రాలేదో కాదు. "మూడో సిలిండర్ మిస్‌ఫైర్" అని వస్తే మూడో కాయిల్ పోయిందని అర్థం కాదు. డబ్బు వృథా అయ్యేది ఎక్కువగా ఇక్కడే.

ముందు ఒక హెచ్చరిక

చెక్ ఇంజిన్ లైట్ నిలకడగా వెలుగుతోందా, వెలిగి ఆరుతోందా చూడండి. వెలిగి ఆరుతోందంటే కాలని పెట్రోల్ క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి (సైలెన్సర్ దారిలో పొగను శుద్ధి చేసే భాగం) పోతోంది, అక్కడ మండి దాన్ని పాడుచేసేంత ఎక్కువగా పోతోంది. యాక్సిలరేటర్ మీద కాలు తీసి, మెల్లగా పక్కకు ఆపండి. "ఇల్లు చేరేదాకా లాగిద్దాం" అనుకుంటే చిన్న రిపేరు పెద్ద రిపేరు అవుతుంది.

కావలసినవి

- ఓబీడీ స్కానర్, అంటే బండి కంప్యూటర్‌ను చదివే పరికరం. కోడ్ ఒక్కటే చూపించేది చాలదు, లైవ్ డేటా కూడా చూపించాలి. ఫోన్‌కి కలిసే చిన్న అడాప్టర్లు కూడా ఈ పనికి సరిపోతాయి.
- ప్లగ్ సాకెట్, ఎక్స్‌టెన్షన్, టార్క్ రెంచ్
- మల్టీమీటర్
- కంప్రెషన్ గేజ్. స్క్రూలా బిగించే రకమైతే ఒంటరిగా చేసుకోవచ్చు, చేత్తో అదిమి పట్టుకునేదైతే సెల్ఫ్ కొట్టడానికి ఇంకొకరు కావాలి.
- టార్చి, పొడవాటి స్క్రూడ్రైవర్, గ్యాప్ గేజ్
- ఉంటే మంచిది: దూరం నుంచి వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్
- మీ బండి సర్వీస్ మాన్యువల్. ప్లగ్ గ్యాప్, బిగింపు టార్క్, సిలిండర్ల నంబర్లు అందులోనే చూడాలి, అందాజా పనికిరాదు.
- కాగితం, పెన్ను. నవ్వకండి, అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేది ఇదే.

1. కోడ్ చెరపకముందే అన్నీ రాసుకోండి

స్కానర్ పెట్టగానే చాలామంది చేసే మొదటి పని "క్లియర్" నొక్కడం. ఆ ఒక్క నొక్కుతో ఫ్రీజ్ ఫ్రేమ్ పోతుంది. కోడ్ పడిన క్షణంలో ఇంజిన్ ఎన్ని ఆర్‌పీఎమ్‌లో ఉంది, ఎంత వేడిగా ఉంది, లోడ్ ఎంత, బండి ఎంత స్పీడులో ఉంది అనే వివరాలన్నీ అందులోనే ఉంటాయి. ముందు అవి రాసుకోండి, లేదా స్క్రీన్ ఫొటో తీసుకోండి.

పి0301 అంటే ఒకటో సిలిండర్, పి0302 అంటే రెండోది, అలా వరుసగా. పి0300 అంటే ఒకటికంటే ఎక్కువ సిలిండర్లలో, లేదా ఫలానా అని చెప్పలేకుండా మిస్ అవుతోందని. పి0300 ఒక్కటే ఉంటే అన్ని సిలిండర్లకూ ఉమ్మడిగా ఉండే వాటిని అనుమానించండి: పెట్రోల్ ప్రెజర్, గాలి లీకు, ఇంజిన్ టైమింగ్, పాడైన పెట్రోల్. దానికి తోడు పి0301 ఉంటే ఒకటో సిలిండర్‌తోనే మొదలుపెట్టండి.

పక్కన వేరే కోడ్‌లు ఉన్నాయేమో కూడా చూడండి. పి0171 ఉంటే గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ అని. పి0351 నుంచి మొదలయ్యేవి ప్లగ్‌కి కరెంట్ ఇచ్చే కాయిల్ సర్క్యూట్‌వి, పి0201 నుంచి మొదలయ్యేవి పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్ సర్క్యూట్‌వి. ఇవి ఉంటే మిస్‌ఫైర్ కోడ్‌ను పక్కన పెట్టి ముందు వీటి సంగతి చూడాలి. చాలాసార్లు ఇవే కారణం, మిస్‌ఫైర్ వాటి ఫలితం.

2. ఎప్పుడు మిస్ అవుతోంది?

మెకానిక్ దగ్గరికి వెళ్లి "మిస్ అవుతోంది" అంటే ఆయన మొదట అడిగేది ఇదే. అడక్కపోతే వేరే మెకానిక్‌ని చూసుకోండి.

చల్లగా స్టార్ట్ చేసినప్పుడు నిమిషం, రెండు నిమిషాలు మిస్ అయి తర్వాత సర్దుకుంటుంటే: ఇంజెక్టర్ రాత్రంతా బొట్లు బొట్లుగా కారడం, వాల్వుల మీద కార్బన్ పేరుకోవడం, లేదా హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాక్‌కీ హెడ్‌కీ మధ్య ఉండే సీల్) నుంచి కూలెంట్ సిలిండర్‌లోకి దిగడం. మూడోదాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. కూలెంట్ మట్టం తగ్గుతోందా, పొద్దున స్టార్ట్ చేయగానే సైలెన్సర్ నుంచి తియ్యటి వాసనతో తెల్లపొగ వస్తోందా గమనించండి.

వేడెక్కాక మాత్రమే మిస్ అయితే కాయిల్, క్రాంక్ సెన్సర్, లేదా క్లియరెన్స్ (వాల్వుకీ దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఖాళీ) మరీ తగ్గిపోయి సరిగ్గా మూసుకోని వాల్వులు. ఐడ్లింగ్‌లో మాత్రమే వణికి, రేజ్ చేస్తే మామూలైపోతే గాలి లీకు, లేదా తెరుచుకుని ఇరుక్కుపోయిన ఈజీఆర్ వాల్వు (కాలిన పొగను కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపేది). ఎత్తు ఎక్కేటప్పుడు, ఓవర్‌టేక్ చేసేటప్పుడు మిస్ అయితే బలహీనమైన స్పార్క్ లేదా చాలని పెట్రోల్. వానలో, బండి కడిగాక వస్తే కాయిల్ బూట్లు (కాయిల్‌ను ప్లగ్‌కి కలిపే రబ్బరు గొట్టాలు), ప్లగ్ వైర్లు, ప్లగ్ గుంటల్లో నీళ్లు.

ఇవి అనుమానాలు మాత్రమే. వీటిని పట్టుకుని షాపుకి వెళ్లొద్దు, తర్వాతి స్టెప్పుకి వెళ్లండి.

3. ఏ సిలిండరో తేల్చండి

కోడ్ స్పష్టంగా చెబితే సగం పని అయినట్టే. చెప్పకపోతే స్కానర్‌లో మోడ్ 6 తెరవండి. చాలా బండ్లలో ఒక్కో సిలిండర్ ఎన్నిసార్లు మిస్ అయిందో అక్కడ విడివిడిగా కనిపిస్తుంది.

మోడ్ 6 లేకపోతే పాత పద్ధతి ఉంది. ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉండగా ఒక్కో ఇంజెక్టర్ కప్లర్‌ను (వైర్లు తగిలించే కనెక్టర్) తీసి, తేడా చూసి, మళ్లీ పెట్టండి. బాగున్న సిలిండర్ కప్లర్ తీస్తే ఇంజిన్ వెంటనే కుంగుతుంది. ఏది తీసినా పెట్టినా తేడా తెలియడం లేదో అదే పని చేయని సిలిండర్. ఈ పరీక్షలో కాయిల్‌ను మాత్రం లాగొద్దు. నడుస్తున్న ఇంజిన్ మీద కాయిల్ లాగితే గట్టి షాక్ కొడుతుంది, కాయిల్‌కీ కంప్యూటర్‌కీ కూడా ప్రమాదం, పైగా కాలని పెట్రోల్ నేరుగా కన్వర్టర్‌లోకి పోతుంది. డైరెక్ట్ ఇంజెక్షన్ (పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకే చిమ్మే) ఇంజిన్ అయితే ఇంజెక్టర్ల జోలికీ పోవద్దు. అక్కడ పెట్రోల్ ప్రెజర్ వందల బార్‌ల దాకా ఉండొచ్చు, ఇంజెక్టర్‌కి వెళ్లే వోల్టేజీ కూడా బ్యాటరీ వోల్టేజీకి కొన్ని రెట్లు ఉంటుంది.

ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంటే ఇంకా సుఖం. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి, ఒకటి రెండు నిమిషాల్లోనే ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్‌లో ప్రతి సిలిండర్ పైపు మొదట్లో వేడి చూడండి. మిగతావి ఎక్కుతుంటే ఒక్కటి వెనకబడితే, దొంగ అక్కడున్నాడు.

సిలిండర్ నంబర్లు మాన్యువల్‌లో చూసే ఖాయం చేసుకోండి. నాలుగు సిలిండర్ల ఇంజిన్లలో సాధారణంగా టైమింగ్ బెల్ట్ లేదా చైన్ ఉన్న వైపు ఒకటోది, కానీ అన్నిట్లో కాదు. తప్పు సిలిండర్ మీద సాయంత్రమంతా పని చేసి "కోడ్ పోలేదు" అనే వాళ్లు తక్కువేమీ లేరు.

రెండు సిలిండర్లు జంటగా మిస్ అవుతుంటే అదే పెద్ద ఆధారం. ఒకటీ నాలుగూ, లేదా రెండూ మూడూ జంటగా మిస్ అయితే, రెండింటికి ఒకే కాయిల్ ఉండే రకమేమో చూడండి. పక్కపక్కన ఉన్న రెండు మిస్ అయితే వాటి మధ్య హెడ్ గ్యాస్కెట్ కాలిపోయి ఉండొచ్చు. అది తొమ్మిదో స్టెప్పులో తేలుతుంది.

4. ఇంజిన్ ఆపి, కళ్లతో వెతకండి

టార్చి తీసుకుని ఎయిర్ ఫిల్టర్ దగ్గర్నుంచి ఇంజిన్ దాకా గాలి వెళ్లే దారి మొత్తం చూడండి. ఊడిన హోస్ పైపులు, మడతల్లో పగిలిన రబ్బరు, ఎలకలు కొరికిన వైర్లు, పట్టు విరిగి వదులుగా వేలాడే కప్లర్లు. ఎలకల మాట సరదాకి చెప్పలేదు. రబ్బరు పైపు పైకి బాగా కనిపించినా వంచి చూడండి, చీలిక అడుగున ఉంటుంది.

తర్వాత కాయిల్ పైకి తీసి ప్లగ్ గుంటలోకి చూడండి. నూనె నిలిచి ఉంటే వాల్వ్ కవర్ గ్యాస్కెట్ లేదా ప్లగ్ గుంట సీళ్లు పోయాయని. ఆ నూనె కాయిల్ బూట్‌ను మెత్తబరుస్తుంది, కరెంట్ పక్కదారి పడుతుంది. ఇక్కడ కాయిల్ ఒక్కటే మార్చి సీల్ వదిలేస్తే కొన్ని నెలల్లో మళ్లీ ఇదే కథ.

5. ప్లగ్గులు తీసి, ఒక్కోటీ చదవండి

ఇంజిన్ బాగా చల్లారాకే తీయండి. వేడి మీద అల్యూమినియం హెడ్‌లోంచి ప్లగ్ తీస్తే మర లేచిపోవచ్చు. తీసే ముందు గుంటలోని దుమ్ము గాలితో ఊదేయండి, లేకపోతే అది సిలిండర్‌లో పడుతుంది. తీసినవి సిలిండర్ వరుసలోనే పెట్టండి. కలిసిపోతే అవి చెప్పే సంగతి అక్కడితో పోయినట్టే.

మొన వైపు లేత గోధుమ లేదా బూడిద రంగుంటే బాగున్నట్టు. పొడి మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోల్ ఎక్కువవుతోంది లేదా స్పార్క్ రావడం లేదు. పెట్రోల్ వాసనతో తడిగా ఉంటే పెట్రోల్ వస్తోంది, మంట లేదు. జిడ్డుగా నూనె ఉంటే పిస్టన్ రింగులు లేదా వాల్వ్ సీళ్లు. తెల్లగా, పొక్కులు వచ్చినట్టుంటే మరీ వేడెక్కుతోంది, గాలి ఎక్కువైంది. మిగతా వాటికంటే ఒక్క ప్లగ్ మాత్రమే కడిగినట్టు తళతళలాడుతుంటే సంతోషించకండి. ఆ సిలిండర్‌లోకి కూలెంట్ పోతోందేమో అనుమానించండి, ఆవిరి దాన్ని కడిగేస్తోంది.

ఇప్పుడు మొన వదిలేసి తెల్ల పింగాణీని వెలుతురులో మెల్లగా తిప్పుతూ చూడండి. పైనుంచి కింది లోహం దాకా వెంట్రుకంత సన్నని నల్లగీత కనిపిస్తే కరెంట్ మొన దగ్గరికి వెళ్లకుండా ఆ గీత వెంబడి బయటికి పారిపోతోందని అర్థం. గోటితో గీకినా పోదు. అలాంటి గీత ఉంటే కాయిల్ బూట్ లోపలా దానికి జోడీ గీత ఉంటుంది. ప్లగ్ మార్చి బూట్ మార్చకపోతే పాత బూట్‌లోని గీత కొత్త ప్లగ్ మీద మళ్లీ గీత వేస్తుంది. "కొత్త ప్లగ్గులు వేసిన వారానికే మళ్లీ మొదలైంది" అనే కేసుల్లో దీని కోసమే ముందు చూస్తాను. పింగాణీ అడుగున, లోహానికి ఆనుకుని చుట్టూ ఉండే గోధుమ రంగు మరక వేరు. అది గాలిలోని నూనె తుంపర అక్కడ అంటుకుని ఏర్పడేది, లోపం కాదు. చాలామంది దాన్ని చూసి "గ్యాస్ లీక్ అవుతోంది" అని మంచి ప్లగ్గులు పారేస్తారు.

కొత్తవి వేస్తుంటే గ్యాప్ చూసే వేయండి. ఇరీడియం, ప్లాటినం ప్లగ్గుల సన్నటి మొనను గేజ్‌తో ఒత్తొద్దు, విరుగుతుంది. చేతిలోంచి కింద పడిన ప్లగ్ వాడొద్దు, పింగాణీలో కంటికి కనపడని పగులు ఉండొచ్చు. బిగించేటప్పుడు మొదట చేత్తో తిప్పి, చివర్లో టార్క్ రెంచ్‌తో మాన్యువల్‌లో ఉన్నంతే బిగించండి.

6. స్థానాలు మార్చి చూడండి

ఈ గైడ్‌లో ఒక్క స్టెప్పే చేసే ఓపిక ఉంటే ఇది చేయండి. పైసా ఖర్చు లేదు.

మూడో సిలిండర్ మిస్ అవుతోందనుకుందాం. మూడో కాయిల్‌ను ఒకటో సిలిండర్‌కి, ఒకటోదాన్ని మూడుకి మార్చండి. మూడో ప్లగ్‌ను రెండుకి, రెండోదాన్ని మూడుకి మార్చండి. రెండూ ఒకే చోటికి మార్చొద్దు. మారిస్తే లోపం అక్కడికి వెళ్లినా, తీసుకెళ్లింది ఏదో తెలియదు. ఏది ఎక్కడికి పెట్టారో కాగితం మీద రాసుకుని, కోడ్ చెరిపి, ఇంతకు ముందు మిస్ అయిన పరిస్థితిలోనే బండి నడపండి. వేడి మీద వచ్చే లోపాన్ని చల్లటి ఇంజిన్ మీద వెతికి "ఏమీ రాలేదు" అనుకుంటే లాభం లేదు.

ఇప్పుడు పి0301 వస్తే కాయిల్. పి0302 వస్తే ప్లగ్. మళ్లీ పి0303 వస్తే కాయిలూ ప్లగ్గూ రెండూ నిర్దోషులు. వైరింగ్, ఇంజెక్టర్, కంప్రెషన్ మిగిలాయి.

ఏ కోడూ రాకపోతే సమస్య పోయిందనుకోవద్దు. కప్లర్ తీసి పెట్టడంతో లోపలి పిన్నులు కొద్దిగా రుద్దుకుని కనెక్షన్ తాత్కాలికంగా కుదిరి ఉండొచ్చు. ఆ కప్లర్‌ను, దాని వైర్లను ఐడ్లింగ్‌లో మెల్లగా కదిపి చూడండి. ఎక్కడ కదిపితే ఇంజిన్ తడబడుతుందో అక్కడే లోపం. కాయిల్ కప్లర్‌లో ఇగ్నిషన్ ఆన్ చేసినప్పుడు ఒక పిన్‌లో దాదాపు బ్యాటరీ వోల్టేజీ రావాలి, ఎర్త్ పిన్ ఉంటే అదీ గట్టిగా ఉండాలి. ఏ పిన్ ఏదో మాన్యువల్ చూసే పెట్టండి. బల్బు ఉన్న పాత టెస్ట్ ల్యాంప్‌ను కంప్యూటర్ సిగ్నల్ వైరుకు తగిలించొద్దు, మల్టీమీటర్ వాడండి.

మిస్‌ఫైర్ ఎక్కువైతే కొన్ని బండ్లలో కన్వర్టర్‌ను కాపాడటానికి కంప్యూటరే ఆ సిలిండర్ ఇంజెక్టర్‌ను ఆపేస్తుంది. అప్పుడు పరీక్షిస్తే "ఇంజెక్టర్‌కి సిగ్నల్ రావడం లేదు" అనిపిస్తుంది. ఇంజిన్ ఆపి, కోడ్ చెరిపి, మళ్లీ స్టార్ట్ చేసి చూశాకే ఆ మాట అనండి.

7. ఫ్యూయల్ ట్రిమ్ చూడండి

ఫ్యూయల్ ట్రిమ్ అంటే కంప్యూటర్ పెట్రోల్‌ను ఎంత శాతం సర్దుతోందో చెప్పే అంకె. స్కానర్ లైవ్ డేటాలో షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ అని రెండు అంకెలుంటాయి. రెండింటినీ కూడండి. ప్లస్ అంటే కంప్యూటర్ పెట్రోల్ పెంచుతోంది, మైనస్ అంటే తగ్గిస్తోంది. మొత్తం ప్లస్ లేదా మైనస్ 10 శాతం లోపు ఉంటే కంగారు లేదు. ఐడ్లింగ్‌లో ఒకసారి, 2500 ఆర్‌పీఎమ్ దగ్గర పట్టి ఉంచి ఒకసారి చూడండి.

ఐడ్లింగ్‌లో ప్లస్ 22, 2500 దగ్గర ప్లస్ 4 అయితే గాలి లీకు. ఇంజిన్ ఎక్కువ గాలి పీల్చేటప్పుడు ఆ చిన్న లీకు లెక్కలోకి రాదు, అందుకే అంకె తగ్గుతుంది. ఐడ్లింగ్‌లో ప్లస్ 3, లోడ్ మీద ప్లస్ 20 అయితే పెట్రోల్ చాలడం లేదు: పంపు, ఫిల్టర్, లేదా మురికి పట్టి గాలిని తక్కువగా లెక్కిస్తున్న ఎయిర్‌ఫ్లో సెన్సర్. మైనస్ 20 దాకా ఉంటే కారుతున్న ఇంజెక్టర్, ఎప్పుడూ తెరిచే ఉండే పర్జ్ వాల్వు (ట్యాంకులోని పెట్రోల్ ఆవిరిని ఇంజిన్‌కి పంపేది), లేదా పెట్రోల్ ప్రెజర్ ఎక్కువ.

అయితే ఒక మెలిక ఉంది. మిస్ అయిన సిలిండర్ నుంచి కాలని ఆక్సిజన్ సైలెన్సర్‌లోకి వెళ్తుంది. ఆక్సిజన్ సెన్సర్ దాన్ని చూసి "పెట్రోల్ తక్కువైంది" అనుకుంటుంది, ట్రిమ్ ప్లస్‌లోకి పోతుంది. కాబట్టి ఒకే సిలిండర్ మిస్ అవుతున్నప్పుడు కనిపించే ప్లస్ ట్రిమ్ కారణం కాకపోవచ్చు, ఫలితం కావచ్చు. మిస్ లేని సమయంలో వచ్చే అంకెను ఎక్కువ నమ్మండి.

గాలి లీకు వెతకడానికి పొగ పెట్టే మిషన్ అన్నిటికంటే మంచిది, వర్క్‌షాప్‌లో చేయించుకోవచ్చు. క్లీనర్ స్ప్రే కొట్టి ఆర్‌పీఎమ్ మారుతోందా అని చూసే పద్ధతి అందరికీ తెలుసు. వేడి ఎగ్జాస్ట్ మీద అది పడితే మంటలు లేస్తాయి, నేను సలహా ఇవ్వను.

8. ఇంజెక్టర్

స్క్రూడ్రైవర్ మొన ఇంజెక్టర్ మీద, పిడి చెవి దగ్గర పెట్టి వినండి. జుట్టు, వదులు బట్టలు బెల్ట్‌కి దూరంగా ఉంచుకోండి. అన్నీ టకటకమని ఒకేలా వినపడాలి. ఒకటి మూగగా ఉంటే ఇంజిన్ ఆపి, కప్లర్ తీసి, మల్టీమీటర్‌తో రెసిస్టెన్స్ చూడండి. మామూలు పోర్ట్ ఇంజెక్టర్లలో (పెట్రోల్‌ను సిలిండర్ బయట, గాలి దారిలో చిమ్మేవి) ఎక్కువ వాటికి 11 నుంచి 16 ఓమ్‌ల మధ్య ఉంటుంది. అసలు సంఖ్య కంటే, నాలుగూ ఒకేలా ఉన్నాయా అన్నదే చూడాలి.

చప్పుడు వచ్చినంత మాత్రాన పెట్రోల్ సరిగ్గా చిమ్ముతోందని కాదు. అనుమానం అలాగే ఉంటే ఇంజెక్టర్‌నీ వేరే సిలిండర్‌కి మార్చి చూడొచ్చు, కానీ ఫ్యూయల్ రైల్ (ఇంజెక్టర్లకు పెట్రోల్ అందించే గొట్టం) విప్పాలి, ప్రెజర్ ముందే తీసేయాలి, ఓ-రింగులు కొత్తవి వేయాలి. అలవాటు లేకపోతే ముందు తర్వాతి స్టెప్ చేయండి.

9. కంప్రెషన్ పరీక్ష

నా లెక్కలో ఇది రెండో పార్టు కొనకముందే చేయాల్సిన పరీక్ష. అందరూ దీన్ని చివరికి నెట్టేస్తారు. సిలిండర్‌లో కంప్రెషన్ లేకపోతే ఎంత ఖరీదైన కాయిల్ వేసినా బూడిదలో పోసిన పన్నీరే.

ఇంజిన్ వేడెక్కించి, ప్లగ్గులు తీయడానికి వీలయ్యేంత చల్లారనివ్వండి. బ్యాటరీ నిండుగా ఉండాలి. పెట్రోల్ పంపు ఫ్యూజ్ తీయండి, ఇంజెక్టర్ కప్లర్లు, కాయిల్ కప్లర్లు అన్నీ విప్పండి. ఇది మరిస్తే ప్లగ్ రంధ్రాల్లోంచి వచ్చే పెట్రోల్ ఆవిరికి స్పార్క్ తగిలి మంట వస్తుంది. ప్లగ్గులన్నీ తీసి, గేజ్ బిగించి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టండి. ప్రతి సిలిండర్‌కీ ఒకే లెక్క, ఐదారు పఫ్‌లు (పిస్టన్ నొక్కిన ప్రతిసారీ ఒక పఫ్).

పెట్రోల్ ఇంజిన్లలో మామూలుగా 120 నుంచి 200 పీఎస్ఐ మధ్య వస్తుంది. మీ ఇంజిన్‌కి ఎంత ఉండాలో మాన్యువల్ చెబుతుంది. వాడుకలో ఉన్న లెక్క: అన్నిటికంటే తక్కువ వచ్చింది, అన్నిటికంటే ఎక్కువ వచ్చినదానిలో 75 శాతానికి తగ్గకూడదు. 178, 175, 110, 172 వచ్చాయనుకోండి. 178లో 75 శాతం అంటే 133.5. మూడోది 110, అంటే దొరికిపోయింది. మొదటి పఫ్‌కి ముల్లు ఎంత ఎగిరిందో కూడా గమనించండి. రింగులు అరిగినచోట మొదట తక్కువగా లేచి పఫ్ పఫ్‌కీ పెరుగుతుంది. వాల్వు కాలినచోట ఎన్ని పఫ్‌లైనా పెద్దగా లేవదు.

తక్కువ వచ్చిన సిలిండర్‌లో ఒక చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. బాగా పెరిగితే రింగులు. పెరగకపోతే వాల్వులు లేదా హెడ్ గ్యాస్కెట్. ఇక్కడ లీక్‌డౌన్ పరీక్ష చేయిస్తే ఇంకా కచ్చితంగా తెలుస్తుంది: గాలి ఎక్కించినప్పుడు థ్రాటిల్ దగ్గర బుసమంటే ఇన్‌టేక్ వాల్వు, సైలెన్సర్‌లో వినపడితే ఎగ్జాస్ట్ వాల్వు, ఆయిల్ పోసే మూత దగ్గరైతే రింగులు, రేడియేటర్‌లో బుడగలొస్తే హెడ్ గ్యాస్కెట్. రేడియేటర్ మూత వేడి మీద తీయకండి.

గ్యాస్ మీద ఎక్కువ తిరిగిన బండి అయితే వాల్వ్ క్లియరెన్స్ కూడా చూపించండి. ఎగ్జాస్ట్ వాల్వు సీటు అరిగేకొద్దీ క్లియరెన్స్ తగ్గుతుంది, చివరికి వాల్వు పూర్తిగా మూసుకోక కాలిపోతుంది. కాలకముందే దొరికితే సర్దుబాటుతో పోతుంది.

10. అన్నీ బాగున్నాయి, అయినా మిస్ అవుతోందా?

మిగిలినవి కొన్నే. పెట్రోల్ ప్రెజర్‌ను ఐడ్లింగ్‌లో మాత్రమే కాదు, లోడ్ మీద కూడా గేజ్ పెట్టి చూడాలి. పోర్ట్ ఇంజెక్షన్‌లో చాలా వాటికి 3 నుంచి 4 బార్ ఉంటుంది. కన్వర్టర్ మూసుకుపోతే రేజ్ చేసేకొద్దీ ఇంజిన్ గొంతు నొక్కినట్టవుతుంది. టైమింగ్ చైన్ సాగితే పి0016 లాంటి కోడ్ తోడొస్తుంది. నెలల తరబడి ట్యాంకులో నిలిచిన పెట్రోల్, నీళ్లు కలిసిన పెట్రోల్ కూడా పి0300 తెస్తాయి.

క్రాంక్ సెన్సర్ లేదా ఫ్లైవీల్ మార్చాక మొదలైతే అది నిజమైన మిస్‌ఫైరే కాకపోవచ్చు. కొన్ని బండ్లకు ఆ తర్వాత స్కానర్‌తో క్రాంక్ రీలెర్న్ చేయాలి, అంటే కొత్త భాగాన్ని కంప్యూటర్‌కి మళ్లీ నేర్పించాలి. చేయకపోతే ఇంజిన్ సాఫీగా నడుస్తున్నా కోడ్ వస్తుంది.

తరచూ జరిగే పొరపాట్లు

- ఒకేసారి మూడు నాలుగు మార్చేయడం. బాగైనా దేనివల్ల బాగైందో తెలియదు, బాగవకపోతే అనుమానం ఎక్కడ పెట్టాలో తెలియదు.
- కొత్త పార్టు కాబట్టి బాగుంటుందనుకోవడం. చవకరకం కాయిళ్లు పెట్టెలోంచే లోపంతో రావచ్చు. అందుకే కొత్తదాన్ని కూడా ఆరో స్టెప్పులా స్థానం మార్చి పరీక్షించండి.
- ప్లగ్ మరలకు గ్రీజు లాంటిది పూయడం. పెద్ద ప్లగ్ కంపెనీలు వద్దంటాయి. జారుడు వల్ల అదే టార్క్‌కి ప్లగ్ మరీ బిగుసుకుంటుంది.
- క్లీనర్ సీసా ట్యాంకులో పోసి వారం చూద్దాం అనుకోవడం. కార్బన్ కొంచెం ఉంటే పని చేయొచ్చు, విరిగిన వైరుకి పని చేయదు.

బాగైందని ఎలా తెలుస్తుంది?

లైట్ ఆరిపోవడం రుజువు కాదు, కోడ్ చెరిపితే ఎలాగూ ఆరుతుంది. చాలా బండ్లలో మిస్‌ఫైర్ కోడ్ మొదటి ట్రిప్పులో పెండింగ్‌గా ఉండి, రెండో ట్రిప్పులో మళ్లీ కనిపిస్తేనే లైట్ వెలుగుతుంది. కాబట్టి రెండు మూడు రోజులు, చల్లటి స్టార్ట్, ట్రాఫిక్, ఎత్తు, హైవే అన్నీ కలిసేలా నడిపి, పెండింగ్ కోడ్‌లు, మోడ్ 6 లెక్కలు చూడండి. మొదట రాసుకున్న ఫ్రీజ్ ఫ్రేమ్ తీసి, అదే వేడి, అదే లోడ్, అదే ఆర్‌పీఎమ్ దగ్గర బండిని నడిపించండి. అక్కడ కూడా మిస్ లెక్క సున్నా దగ్గరే ఉండి, ట్రిమ్ 10 లోపు ఉంటే పని అయినట్టు. మోడ్ 6లో గత ట్రిప్పుల సగటు కూడా ఉంటుంది, అది వెంటనే తగ్గదు. ప్రస్తుత ట్రిప్పు లెక్కే చూడండి.

మిస్ అయిన సిలిండర్ గోడల మీంచి కాలని పెట్రోల్ ఇంజిన్ ఆయిల్‌లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. పెట్రోల్ కొడుతున్నా, మట్టం పెరిగినా ఆయిల్, ఫిల్టర్ మార్చండి. ఆ తర్వాత పి0420 కోడ్ (కన్వర్టర్ సరిగ్గా శుద్ధి చేయడం లేదని) పడితే కన్వర్టర్ దెబ్బతిని ఉండే అవకాశముంది, కానీ అదే రోజు కొత్తది కొనకండి. ముందు ఎగ్జాస్ట్ లీకులు, వెనక ఆక్సిజన్ సెన్సర్ చూపించి, ఆ కోడ్ మళ్లీ వస్తుందేమో చూశాక నిర్ణయించుకోండి.